బుడ్డలు పీకినాక

మొన్న చెప్పాపెట్టకుండా కురిసిన వానకు మా వీధి మొగదల్లో ఉన్న నూనె కొట్టు ముందర దింపిన వేరుశెనగ మూటలు తడిసిపోయాయి. కొట్టతను మర్నాడు ఎండ రాగానే కాయలన్నీ రోడ్డు వారగా పరిచాడు. నేను పాలకు పోతూ ఆ పక్కగా నడిచాను. తడి తొక్కు వాసన, దాని అడుగున ముక్కిపోతున్న గింజ వాసన. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గబగబా ఇంటికి వచ్చేశాను. మా కోడలు "పాలేవత్తా?" అంది. పాలు తేవడమే మరిచిపోయాను. నాకు మతిమరుపు వచ్చిందని ఆ పిల్ల అనుకుంది. అనుకోనీ. మరుపు రావలసినవి ఒక్కటీ నాకు రావు, అదీ నా బాధ.

నాకు పదకొండేళ్లు వచ్చేదాకా మేం మద్రాసులో ఉండేవాళ్లం. నాయన అక్కడ నూలు మిల్లులో పనిచేసేవాడు. రెండు గదుల ఇల్లు, వాకిట్లో అందరికీ కలిపి ఒక కొళాయి, వీధి చివర పూలమ్మే అవ్వ, సాయంత్రం గంట కొట్టుకుంటూ వచ్చే ఐసుబండి. నేను అయిదో తరగతి పరీక్షలు రాసిన నెలలోనే అమ్మకు జ్వరం వచ్చింది. మూడు వారాలు తగ్గలేదు. ఆ తర్వాత అమ్మ లేదు. కొన్నాళ్లు నన్ను పక్కవాటా వాళ్లకు అప్పజెప్పి మిల్లుకు పోయి వచ్చేవాడు నాయన. ఎన్నాళ్లని వాళ్లు మాత్రం చూస్తారు? ఒకరోజు నా గౌన్లన్నీ మూటగట్టి, నన్ను రైలెక్కించి, వాళ్ల అమ్మ దగ్గరికి తీసుకొచ్చాడు.

రైలు దిగి, అనంతపురంలో బస్సెక్కి, ఆ బస్సు దిగి మళ్లీ రెండు మైళ్లు నడిచాం. శింగనమల చెరువు పేరు మద్రాసులో నాయన నోట చాలాసార్లు విన్నాను. ఊరంటే చెరువు గట్టునే ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే ఆ చెరువు నీళ్లు మా ఊరి వైపు తిరిగి చూసిన పాపాన పోలేదు. మాదంతా మెట్ట. ఎర్రటి నేల, గులకరాళ్లు, బోడి గుట్టలు, మధ్యమధ్య తుమ్మచెట్లు. ఎండకు నా చెప్పుల అడుగు కాలి అంటుకుపోయినట్టయింది. "ఇంకెంత దూరం నాయనా?" అని అడిగినప్పుడల్లా "ఇదో, ఈడనే" అన్నాడు నాయన. అప్పటినుంచి మావైపు మనుషులు "ఈడనే" అంటే నేను నమ్మను.

మర్నాడు పొద్దున్నే నాయన తిరుగు ప్రయాణమయ్యాడు. నేను చొక్కా పట్టుకుని వదల్లేదు.

"మళ్లీ ఎప్పుడొస్తావు నాయనా?"

"బుడ్డలు పీకినాక వస్తాలేమ్మా. వచ్చి పిల్చుకోని పోతా. ఆడ మంచి ఇల్లొకటి చూసిపెడ్తా. నిన్ను ఆరో తరగతిలో చేర్పిస్తా. సరేనా?"

సరేనన్నాను. బుడ్డలంటే ఏమిటో నాకు తెలియదు. నాయన దారి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి అవ్వను అడిగాను. మావైపు వేరుశెనగ కాయల్ని బుడ్డలంటారట. మద్రాసులో సాయంత్రాలు పొట్లం కట్టించుకుని తినేవాళ్లం కదా, అవే. నాకు ప్రాణం లేచి వచ్చింది. కాయలు పీకడం ఎంతసేపు పని?

"అయితే ఎప్పుడు పీకుతారు అవ్వా?"

అవ్వ పొయ్యిలోకి కంది కట్టె తోస్తూ నావైపు చూసి నవ్వింది. "యాడ పీకేది? ఇంగా ఎయ్యందే! ముంగారు వాన పడల్ల. పదును కావల్ల. విత్తల్ల, మొలవల్ల. నాలుగు నెల్ల పైరు. మల్ల గదా పీకేది."

వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను. అన్నిటికంటే ముందు వాన పడాలి. ఆరోజు నుంచి ఆకాశం వైపు చూడటం మొదలుపెట్టాను. ఆ ఊళ్లో ఆకాశం వైపు చూడని మనిషి లేడు. వాన పడితే మద్రాసు పోవచ్చని చూసినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే.

ఇంట్లో అవ్వ, చిన్నాయన, నేను. చిన్నాయనకు ఇంకా పెళ్లి కాలేదు. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. అవ్వ ఎవరి మాటా పడే మనిషి కాదు. తాత పోయినప్పటి నుంచి ఆ ఆరెకరాల చేను తన చేతిమీదే నడిపింది. నన్ను ముద్దు చేయడం ఆమెకు రాదు. అన్నం పెట్టేది, తలకు ఆముదం పెట్టి దువ్వేది, అంతే. ఆ ఆముదం వాసన నాకు పడేది కాదు. అమ్మ కొబ్బరినూనె రాసేదని ఒకసారి అన్నాను. "ఈడ కొబ్బరిచెట్లు యాడుండాయి తల్లీ" అని తల ఇంకాస్త గట్టిగా దువ్వింది.

మొదటిరోజు సంగటి పెట్టినప్పుడు నేను ముద్దను నమిలాను. పళ్లకు అతుక్కుని ఊపిరాడలేదు. చిన్నాయన పడీపడీ నవ్వాడు.

"నమలగూడదు పాపా, మింగల్ల. ఊరిబిండిలో అద్దుకోని నోట్లో ఏసుకో. దానికి దోవ తెలుసు, అదే పోతాది."

వేయించిన బుడ్డలు, ఎండుమిరపకాయలు, చింతపండు వేసి నూరిన ఊరిబిండి మాత్రం నాకు నచ్చింది. ఎద్దుల కోసం మట్టికుండలో ఉడికించే ఉలవలూ నచ్చాయి. అవ్వ అటు తిరగగానే పిడికెడు తీసి, ఉప్పు చల్లుకుని, గడ్డివామి వెనక కూర్చుని తినేదాన్ని. ఒకరోజు చిన్నాయన చూశాడు. "ఎద్దుల తిండి తింటాండావు. రేపు నీ మెడకు కాడి కట్టి దున్నుతా చూడు" అన్నాడు కానీ అవ్వకు చెప్పలేదు. ఆ గడ్డివామి వెనకే నేను ఏడ్చేదాన్ని కూడా. ఏడుపుకూ ఉలవలకూ అదొక్కటే చోటు.

నీళ్లు ఊరికి అర మైలు దూరాన ఉన్న దిగుడుబావిలో. ఎండాకాలం కడపటికి అడుగున కొంచెం ఊరేవి. అది తోడుకుని, మళ్లీ ఊరేదాకా కూర్చుని, ఇంకొంచెం తోడుకోవాలి. అవ్వ రెండు కడవలు తెచ్చేసరికి సగం పొద్దు పోయేది. నా స్నానానికి రెండు చెంబులు. అవి కూడా సొరపాదు మొదట్లో నిలబడి పోసుకోవాలి, ఒంటిమీది నీళ్లు తీగకు పోవాలి కాబట్టి. మద్రాసులో కొళాయి కింద కూర్చుంటే అమ్మ వచ్చి చెవి మెలిపెట్టేదాకా లేచేదాన్ని కాదు. ఇక్కడ సొరపాదుకు నీళ్లు పెట్టడానికి నన్ను నిలబెట్టారని నాకు రోషంగా ఉండేది.

పక్కింట్లో మేకలు కాచుకునేవాళ్లు. ఆ ఇంటి అత్తకు నా ఈడు కూతురొకతె ఉండేది. తొలినాళ్లలో నేను మాట్లాడుతుంటే ఆ పిల్ల ఊళ్లో పిల్లలందర్నీ పోగేసేది. "ఏమ్మే, ఇంగొకసారి చెప్పు. బావి ‘ఎక్కడుంది’ అంటాది చూడండే! ఎక్కడ అంటే యాడ?" అందరూ నవ్వేవాళ్లు. నా గౌను పట్టుకుని లాగి చూసేవాళ్లు. కొన్నాళ్లకు నేను మాట్లాడటం మానేశాను. ఏది అడిగినా తల ఊపేదాన్ని. మధ్యాహ్నాలు ఇంటి వెనకున్న పెద్ద రాతిగుండు ఎక్కి కూర్చునేదాన్ని. అక్కడినుంచి చూస్తే దూరంగా బస్సు పోయే దారి కనపడేది. బస్సు కనపడదు, దుమ్ము కనపడుతుంది. ఆ దుమ్ము ఆగితే ఎవరో దిగినట్టు. ఆగకపోతే ఎవరూ దిగనట్టు. అంత పెద్ద ఊళ్లో నాతో మాట్లాడాలని అనిపించే మనిషి ఒక్కరూ లేరని నాకు గట్టిగా తెలిసిపోయింది.

ఆ సమయంలోనే విత్తనం బుడ్డలు వొలవడం మొదలైంది.

విత్తనం కాయల్ని ముందుగా వొలిచిపెట్టుకుంటే గింజ చచ్చిపోతుంది. అందుకని ఎండాకాలమంతా కాయలుగానే దాచి, వాన వాసన తగిలే రోజుల్లో ఊరంతా వొలవడానికి కూర్చుంటారు. కాయ మూతిని నేలకు ఆనించి బొటనవేలితో నొక్కితే టప్పుమని పగులుతుంది. గింజ మీది ఎర్ర పొర చిట్లకూడదు. పళ్లతో కొరకకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా తినకూడదు. పడసాలలో కాయలు రాశిపోసి, అవ్వ తలుపు దగ్గరా నేను లోపల గోడ దగ్గరా కూర్చున్నాం. అవ్వ చూపు అప్పటికే మందగించింది. నేను తింటున్నానో లేదో ఆమెకు కనపడదు. అందుకు ఆమె దగ్గర ఒక ఉపాయం ఉంది.

"మాట్లాడుతాండు పాపా. నోరు ఆడ్తాంటే తినేకి కాదు."

"ఏం మాట్లాడాలి?"

"ఏమన్నా గానీ. మీ మద్రాసు సంగతి చెప్పు. మాట ఆగిందంటే మాత్రం నోరు తెరిపించి చూస్తా."

ఎన్నాళ్లకు నా నోరు తెరుచుకుందో! ఆపకుండా చెప్పాను. ఐసుబండి గురించి, బడిలో బెంచీల గురించి, అమ్మ జడలో పెట్టే కనకాంబరాల గురించి. సముద్రం గురించి చెప్పినప్పుడు అవ్వ చేతులాగాయి.

"ఎంత నీళ్లుంటాయి?"

"చూసినంత దూరమూ నీళ్లే అవ్వా. అవతలి గట్టు కనపడదు."

"మరి ఎవురూ తోడుకోరా?"

"ఉప్పగా ఉంటాయి. తాగడానికి పనికిరావు."

అవ్వ ఇంకో కాయను టప్పుమని నొక్కింది. "అన్ని నీళ్లు పెట్టుకోని గొంతుకు పనికిరాకపోతే ఏం చేసుకుంటారప్పా ఆ ఊరోళ్లు! ఊకె చూస్తా కూచుంటారా?" ఆమెకు సముద్రం మీద కోపం వచ్చింది. నేను నవ్వాను. అవ్వ ఇంటికి వచ్చాక నవ్వడం అదే మొదలు.

రోజూ అలాగే. కానీ మూడోరోజుకు నా బొటనవేళ్లు వాచిపోయాయి. గోరు కింద నెత్తురు గడ్డకట్టింది. రాశి చూస్తే తరగదు. ఈలోగా తూర్పున మెరుపులు కనపడుతున్నాయని చిన్నాయన అన్నాడు. వాన వచ్చేస్తే? విత్తనం సిద్ధంగా లేకపోతే? నేలలో తడి ఆరి పదును పోతుంది. పదును పోతే విత్తేది ఎప్పుడు, పీకేది ఎప్పుడు, నాయన వచ్చేది ఎప్పుడు? నాకు కాలు నిలవలేదు.

అంతకు ముందు చిన్నాయన వెంట ఊళ్లో సావుకారి ఇంటికి పోయినప్పుడు ఒక సంగతి చూశాను. ఆ వాకిట్లో ఆడవాళ్లు కాయల రాశి మీద నీళ్లు చల్లి, తొక్కు మెత్తబడ్డాక సులువుగా వొలిచేస్తున్నారు. టప్పుమనే చప్పుడే లేదు. అవి నూనె మిల్లుకు పోయే గింజలని నాకు ఎవరు చెప్పారు? గింజ అంటే గింజే అనుకున్నాను.

మర్నాడు అవ్వ కడవలు తీసుకుని బావికి పోయింది. చిన్నాయన విత్తే గొర్రు బాగుచేయించడానికి వడ్రంగి దగ్గరికి పోయాడు. నేను తాగే నీళ్ల బానలోంచి చెంబు ముంచి రెండు గంపల కాయల మీద పోశాను. చాలదనిపించి ఇంకో నాలుగు చెంబులు పోశాను. కాసేపటికి తొక్కు మెత్తబడింది. ఎంత సులువుగా వచ్చాయని! వేళ్లు నొప్పి లేదు. అవ్వ తిరిగి వచ్చేసరికి రెండు గంపలూ వొలిచేసి, తడి గింజలన్నీ మూటలోకి పోసి, పైన పొడివి కొన్ని పరిచి, మూతి కట్టేశాను. తడి తొక్కు తీసుకుపోయి గడ్డివామి వెనక పారేశాను.

"ఒక్కదానివే ఇన్ని వొలిస్తివా!" అని అవ్వ ముక్కున వేలేసుకుంది. సాయంత్రం చిన్నాయనకు చెప్పింది. పక్కింటి అత్తకు చెప్పింది. "పట్నం పిల్ల అంటిమి గానీ, చెయ్యి చూడు ఎట్ల ఆడ్తాదో" అంది. ఆ ఊళ్లో నన్ను మెచ్చుకున్న మొదటి మాట అది. బానలో నీళ్లు తగ్గినందుకు మాత్రం, ఎండకు ఎక్కువ తాగినానని అబద్ధమాడాను.

ఆ తర్వాత నాలుగోరోజు మధ్యాహ్నం వాన పడింది. ఊరు ఊరంతా వాకిళ్లలోకి వచ్చి నిలబడింది. మర్నాడు తెల్లారకముందే గొర్రులు కదిలాయి. మాకు విత్తనం పోయడానికి పక్కింటి అత్త వచ్చింది. గొర్రు వెనక నడుస్తూ గింజలు జారవిడిచే ఆడమనిషి చెయ్యి మంచిదై ఉండాలని మావైపు నమ్మకం. ఆమె పోస్తే గింజ పోదని పేరు. ఆ పేరు మీదే ప్రతి వానకూ పది చేలవాళ్లు ఆమెను పిలిచేవాళ్లు, ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది. కింది సగం చేను అవ్వ వొలిచిన గింజలతో అయింది. పైసగానికి నా మూట విప్పారు. అవ్వ గుప్పెడు తీసి వాసన చూసింది.

"ఏందో ముక్కినట్లుండాది."

"గాలి మెత్తగా ఉండాది, అంతే లేమ్మా" అని చిన్నాయన ఎద్దుల్ని అదిలించాడు. పదును ఆగదు. నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.

వారం దాటింది. కింది సగం పచ్చగా మొలక వేసింది. పైసగంలో ఎర్రమన్ను తప్ప ఏమీ లేదు. అవ్వ మోకాళ్ల మీద కూర్చుని వేలితో సాలు తవ్వింది. నల్లగా, జిగటగా కుళ్లిపోయిన గింజ. పక్కన ఇంకొకటి, ఇంకొకటి. ఆ వాసనే మొన్న నన్ను పాల దగ్గరికి పోనివ్వనిది.

చిన్నాయన గొంతు ఊరంతా వినపడింది. "ఆయమ్మ చెయ్యి పాడైంది! కింద పోసేటప్పుడు బాగుండె. పైకి పోయినాక ఏం మనసులో పెట్టుకోనిందో ఏమో! ఇంగ ఆయమ్మను ఎవురూ పిలవగూడదు, చెప్తాండా!"

పక్కింటి అత్త గట్టు మీదే నిలబడి ఉంది. వెనక ఆమె కూతురు. అత్త తన రెండు చేతులూ ముందుకు చాపి తిప్పి తిప్పి చూసుకుంది. "నేనేం చేస్తినప్పా? నా చెయ్యి ఎప్పుడూ ఇట్ల చేయలేదే" అంది. ఆమె కూడా నమ్మేసింది, అదీ నేను చూడలేకపోయింది. నన్ను చూసి నవ్వే ఆ పిల్ల తల్లి చెంగు పట్టుకుని ఏడుస్తోంది.

"ఆయమ్మ చెయ్యి కాదు చిన్నాయనా" అన్నాను. "నేను నీళ్లు పోసినా. బుడ్డలకు. వొలిచేదానికి ముందు."

అందరూ నావైపు తిరిగారు. అవ్వ సాల్లోనే కూలబడింది.

"ఎందుకే?"

"బిరీన వొలిస్తే బిరీన విత్తొచ్చని. బిరీన పీకొచ్చని."

"విత్తనానికి నీళ్లు పోస్తారా ఎవురన్నా, భూమిలో పడకముందే! నీ ఆత్రం పాడుగాను! సగం చేను మన్నుపాలు చేస్తివి గదే! వానేమన్నా మీ మద్రాసు కొళాయా, తిప్పితే వచ్చేకి?" అవ్వ చాలాసేపు తిట్టింది. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చిన్నాయనా మాట్లాడలేదు. పక్కింటి అత్త మాత్రం సాయంత్రం వచ్చి నా ఒళ్లో దోసెడు బొరుగులు పోసి, "నా చెయ్యి నిలబెడితివి తల్లీ" అని కళ్లు తుడుచుకుంది. ఆ బొరుగులు నాకు మింగుడు పడలేదు.

మళ్లీ విత్తాలంటే విత్తనం కావాలి. వానాకాలం మొదట్లో ఎవరింట్లో మిగులుతుంది? బత్తలపల్లె దగ్గర అవ్వ పుట్టిల్లు ఉంది. వాళ్ల అన్నకు బావి కింద సేద్యం, విత్తనానికి కరువు లేదు. అయితే తాత పోయినరోజు ఆ అన్న, "ఇంగ మా మింద పడతావేమో" అన్నాడట. ఆ మాటకు అవ్వ పన్నెండేళ్లుగా పుట్టింటి గడప తొక్కలేదు. ఇప్పుడు బండి కట్టమంది. నన్ను కూడా ఎక్కమంది.

ఆ అన్న, నాకు పెద్ద తాత, మంచం మీద కూర్చునే పలకరించాడు. "ఏమ్మే, పన్నెండేండ్లకు దోవ తెలిసెనా?"

అవ్వ నిలబడే ఉంది. "విత్తనాలు పాడైపాయన్నా. ఒక మూట కాయలియ్యి. పంటలో తిరిగిస్తా."

"ఎట్ల పాడాయె?"

నేను తల దించుకున్నాను. ఇప్పుడు చెబుతుంది, అందరూ నన్ను చూస్తారు అనుకున్నాను.

"మిద్దె కారింది. మూట తడిసె."

"మిద్దె మీద ఇంత మన్ను పోయించుకునేకి గూడా కాకపాయనా నీకు? మొగదిక్కు లేని సంసారం ఇట్లే ఉంటాది."

ఎవరినీ మాట అననివ్వని మా అవ్వ ఆ మాట పడింది. కాయల మూట బండిలో వేయించుకుని, కనీసం మజ్జిగ కూడా తాగకుండా బయలుదేరింది. దారిలో చాలాదూరం వచ్చాక అడిగాను.

"నేనే చేశానని ఎందుకు చెప్పలేదు అవ్వా?"

"చెప్తే ఏమొస్తాది? తల్లి లేని పిల్ల అని ఒక పేరు ఉండనే ఉండాది. ఇంగొక పేరు యాలకు?" అంది. ఆ తర్వాత, "పద, పోయి వొలవల్ల. మాట్లాడుతా వొలవల్ల, తెలిసిందా" అంది.

ఈసారి నా వేళ్లు పగిలినా ఒక్క చుక్క నీళ్లు తగలనివ్వలేదు. మద్రాసు సంగతులు అప్పటికి అయిపోవచ్చాయి. మేకల గురించీ, పక్కింటి పిల్ల గురించీ చెప్పడం మొదలుపెట్టాను. ఆ పిల్ల ఇప్పుడు నన్ను గుట్టకు పిలిచేది. రెండో వాన దాదాపు నెల తర్వాత పడింది. పైసగం విత్తాం, ఆ అత్త చెయ్యే పోసింది. మొలిచింది. కానీ కింద పూత పట్టేనాటికి పైన రెండాకులు. ఆ దారిన పోయే ప్రతివాళ్లూ చేను చూసి, "ఇదేందప్పా, ఒక చేన్లో రెండు పైర్లు" అనేవాళ్లు. పైసగంలో కలుపు తీసేది నేనే. అది నా చేను. ఇంకెవరూ తీయాలని నేను కోరుకోలేదు.

చలి మొదలయ్యేసరికి ఊళ్లో అందరూ పీకడం మొదలుపెట్టారు. గాలంతా పచ్చి కాయల వాసన, మట్టి వాసన. మా కింది సగమూ పీకాం. పచ్చికాయలు ఉప్పేసి ఉడికిస్తే కడుపులు పట్టనంత తిన్నాం. నాయనకు చిన్నాయన కార్డు రాశాడు. ఆ కార్డు పోయినరోజే నేను గౌన్లు మూటగట్టుకున్నాను. అప్పటికి అవి నాకు పొట్టివైపోయాయి కూడా.

ఒకరోజు దుమ్ము ఆగింది. నాయన వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. తలకు వాసన నూనె రాశాడు. నాకు హల్వా పొట్లం తెచ్చాడు. నన్ను దగ్గరికి తీసుకుని "నల్లబడితివే" అన్నాడు. నేను మాట్లాడుతుంటే నా మాట విని నవ్వాడు, అచ్చం ఊరి పిల్లలాగా అంటున్నావని. తర్వాత అవ్వా తనూ వంటింట్లో చాలాసేపు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. అవ్వ బయటికి వచ్చి నన్ను చూడకుండా దొడ్లోకి వెళ్లిపోయింది.

నాయన అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. సాయంత్రం బస్సుకే పోవాలన్నాడు. వాకిట్లో నిలబడి, చెప్పుల్లో కాళ్లు పెడుతూ, నా ముఖం కాదు, ఆ చెప్పులు చూస్తూ అన్నాడు.

"పోదామా మరి?"

నా మూట తలుపు వెనక సిద్ధంగా ఉంది. ఏడు నెలలు ఆ మాట కోసమే ఆకాశం చూశాను, దుమ్ము చూశాను. అయినా నాయన గొంతులో ఏదో ఉంది. పిల్లలకు తెలుస్తుంది. పిల్లలకు తెలియదని పెద్దవాళ్లు ఎందుకనుకుంటారో నాకు ఈ వయసుకూ అర్థం కాలేదు.

"ఇంగా సగం చేను పీకలేదు నాయనా" అన్నాను. "పైసగం ఉండాది. అది నా వల్ల ఆలస్యమాయె. అది పీకినాక వస్తా."

అంటూ ఆయన ముఖమే చూస్తున్నాను. "చేను చిన్నాయన చూసుకుంటాడులే, పద" అంటాడని ఎదురుచూశాను. గట్టిగా చెయ్యి పట్టుకుని లాగుతాడని, నేను బెట్టు చేస్తే కోప్పడతాడని ఎదురుచూశాను. నాయన ఊపిరి పీల్చుకున్నాడు. చెప్పులు సరిగ్గా తొడుక్కున్నాడు. నా తల నిమిరి, "బంగారు తల్లివి. అవ్వకు సాయంగా ఉండు. మల్ల వస్తాలే" అన్నాడు. ఆయన ముఖం అంత తేలికపడటం అమ్మ పోయాక నేను చూసింది అప్పుడే.

అవ్వ దొడ్లోంచి వచ్చింది. "పోకుండా నిలిచిపోతివేమే?" అంది. నేను తలుపు వెనక మూట విప్పి గౌన్లు బయటికి తీశాను. ఆమె మళ్లీ అడగలేదు. ఆ రోజు సంగటిలోకి నెయ్యి వేసింది.

పైసగం నెల తర్వాత పీకాం. కాయ బాగానే ఊరింది. పెద్ద తాతకు విత్తనం తిరిగిచ్చేశాం. నాయన రాలేదు. ఆయన మమ్మల్ని చూడటానికి వచ్చేనాటికే అక్కడ ఇంకొక ఇల్లాలిని తెచ్చుకున్నాడని మరుసటి ఏడు చిన్నాయన చెప్పాడు. మూడేళ్ల తర్వాత చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చాడు. అప్పటికి నేను గొర్రు వెనక విత్తనం పోస్తున్నాను. ఆరో తరగతి నాకు లేదు. బొరుగులు కట్టి ఇచ్చిన కాగితాల్లో ఏది ఉంటే అది చదువుకున్నాను. అవ్వ పోయేదాకా ఆమె దగ్గరే ఉన్నాను. పెళ్లయి, పిల్లలయి, ఈ టౌనుకు వచ్చి ఇన్నేళ్లయింది.

అవ్వ కోసం ఆగిపోయానని చాలాకాలం అందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు, సగం నిజం. నాయన నాకోసం నా మాట కాదంటాడో లేదో చూద్దామనుకున్నాను. ఆ పదకొండేళ్ల పిల్ల తాను వేసిన ఎత్తుకు తానే దొరికిపోయింది.

మా ఇంట్లో అందరూ నన్ను ఎగతాళి చేస్తారు. అన్నానికి పిలిచినా, ఊరికి పిలిచినా, గుడికి పిలిచినా ఈవిడ మొదటిసారి లేవదు, మహారాణి, బతిమాలించుకుంటుంది అంటారు. అననీ. ఒకసారి పిలవడం ఎవరైనా పిలుస్తారు. రెండోసారి పిలుస్తారా లేదా అని నేను కూర్చుని చూస్తానని వాళ్లకు తెలియదు.